అల్యానికో బాటిల్ చేతికొచ్చిందా? కొనడం దగ్గర్నుంచి చివరి గ్లాసు దాకా ఏం చేయాలి

"ఇటలీ నుంచి వస్తూ ఫ్రెండ్ ఒక రెడ్ వైన్ తెచ్చాడు, తెరిచి ఒక గుక్క తాగితే నోరంతా పిడచకట్టుకుపోయింది, ఇది పాడైపోయినట్టేనా?" కాస్త అటూ ఇటూగా ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. బాటిల్ మీద ఏం రాసుందని తిరిగి అడిగితే చాలామంది చెప్పేది "తౌరాసి" అనో, "అల్యానికో దెల్ వుల్తురె" అనో. అయితే పారబోయకండి. చాలావరకు అది పాడవలేదు. రెండూ అల్యానికో ద్రాక్షతో చేసినవే, ఆ ద్రాక్ష స్వభావమే అంత. తొందరపడి తెరిచారు, మరీ వేడిగానో మరీ చల్లగానో పోశారు, పక్కన తినడానికి ఏమీ పెట్టుకోలేదు, అంతే.

అల్యానికో దక్షిణ ఇటలీ ద్రాక్ష. కంపానియా, బసిలికాతా అనే రెండు ప్రాంతాలు దీనికి పుట్టినిల్లులాంటివి. తొక్క మందం, పులుపు ఎక్కువ, వగరు ఇంకా ఎక్కువ. పంట కోత అక్టోబర్ చివర్లో, ఒక్కోసారి నవంబర్‌లో కూడా, అంటే ఇటలీలో మిగతా రెడ్ ద్రాక్షలు చాలావరకు కోసేసి, వైన్ పీపాల్లోకి చేరిపోయాక. ఇంతకుమించి సిద్ధాంతం అక్కర్లేదు, మిగతాది పని చేస్తూ తెలుసుకోవచ్చు.

ఒక మాట ముందే. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. మందులు వాడుతున్నవాళ్లు, గర్భిణులు ఈ గైడ్ ఇక్కడే ఆపేయడం మంచిది.

ఏమేం కావాలి

బాటిల్ ఒకటి, వీలైతే రెండు (ఎందుకో 8వ స్టెప్‌లో చెప్తాను). స్క్రూ ఉన్న మామూలు ఓపెనర్. వెడల్పు మూతి ఉన్న గాజు జగ్గు. డికాంటర్ (వైన్‌ని వంచి గాలి తగలనిచ్చే గాజు పాత్ర) ఉంటే సంతోషం, లేకపోతే నిమ్మరసం కలుపుకునే గాజు జగ్గు చక్కగా సరిపోతుంది. పొట్ట వెడల్పుగా, మూతి కాస్త సన్నగా ఉండే గ్లాసులు. ఫ్రిజ్ లేదా ఐస్ వేసిన బకెట్. ఒక టార్చి, ఫోన్‌ది చాలు. తినడానికి ఏదైనా మాంసం వంటకం లేదా గట్టి చీజ్. అన్నిటికన్నా ముఖ్యంగా రెండు మూడు గంటల టైమ్.

రాగి చెంబులో, ఇత్తడి జగ్గులో మాత్రం పోయకండి. "పాతకాలం ఫీల్ వస్తుంది" అని కొందరు ఫోటోల కోసం చేస్తున్నారు. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లమే ద్రాక్షలోనూ ఉంటుంది. చింతపండు పెట్టి తోమితే రాగి ఎలా తళతళలాడుతుందో తెలుసు కదా, ఆ లోహం కొంత కరిగి పోయిందన్నమాట. వైన్ పోస్తే అది మీ కడుపులోకి పోతుంది. గాజు వాడండి, లేదంటే స్టీల్.

1. షాపులో పేరు సరిగ్గా అడగండి

లేబుల్ మీద అక్షరాలు చూసి "అగ్లియానికో" అని చదువుతాం. ఇటాలియన్‌లో అక్కడ జి పలకదు, "అల్యానికో" అంటారు. ఇంగ్లిష్‌లో చదివితే వల్చర్ అనిపించినా వుల్తురె అంటే రాబందు కాదు, బసిలికాతాలో ఉన్న ఒక కొండ పేరు, ఆరిపోయిన అగ్నిపర్వతం, 1,326 మీటర్ల ఎత్తు. మన షాపుల్లో ఎలా పలికినా అర్థం చేసుకుంటారు, లేదా ఎలా పలికినా అర్థం చేసుకోరు. అందుకే ఫోన్‌లో లేబుల్ ఫోటో చూపించడం ఉత్తమం.

"అల్యానికోనె" అని చివర ఇంకో అక్షరం ఉన్న బాటిల్ కనిపిస్తే ఆగండి. దగ్గరి చుట్టమే కానీ అది వేరే ద్రాక్ష.

2. లేబుల్ మీద ఏ ఊరుందో చూడండి

ధర, ఓపిక, రుచి అన్నీ దీన్నిబట్టే. ముందు వైపు లేబుల్ మీద పెద్దక్షరాల్లో ఈ పేర్లలో ఏదో ఒకటి ఉంటుంది.

తౌరాసి: కంపానియాలో అవెల్లీనో జిల్లా కొండల మీద 17 ఊళ్లకే ఈ పేరు వాడుకునే హక్కుంది. 1993లో ఇటలీ వైన్ హోదాల్లో అన్నిటికన్నా పై మెట్టయిన డీఓసీజీ వచ్చింది. కనీసం 85 శాతం అల్యానికో ఉండాలి. మూడేళ్లు నిలవ ఉంచాకే అమ్మాలి, అందులో కనీసం ఏడాది చెక్కపీపాలో. "రిజెర్వా" అని ఉంటే నాలుగేళ్లు. ఖరీదెక్కువ, ఓపిక ఎక్కువ కావాలి.

అల్యానికో దెల్ వుల్తురె: పైన చెప్పిన అగ్నిపర్వతం చుట్టూ పండేది. ఇందులో వేరే ద్రాక్ష కలపరు, పూర్తిగా అల్యానికోనే. మామూలు రకానికి తౌరాసి అంత నిలవ నిబంధన లేదు కాబట్టి ధర కూడా అందుబాటులో ఉంటుంది. "సుపెరియోరె" అని ఉంటే అది డీఓసీజీ, ఎక్కువ కాలం నిలవ ఉంచింది. మొదటిసారి కొనేవాళ్లకి నా సలహా మామూలు వుల్తురెనే. డబ్బుకి తగ్గ విలువ ఇందులో ఉన్నంతగా తౌరాసిలో నాకు కనిపించదు. తౌరాసి అభిమానులు కోప్పడినా సరే.

అల్యానికో దెల్ తబుర్నో: కంపానియాలోనే బెనెవెంతో వైపుది, 2011లో డీఓసీజీ అయింది. మన దగ్గర దొరకడం అరుదు.

"ఇర్పీనియా అల్యానికో", "కాంపి తౌరాసీని", "కంపానియా ఐజీటీ", "బసిలికాతా ఐజీటీ": ఇవి చిన్న తమ్ముళ్లు (ఐజీటీ అంటే డీఓసీజీ కన్నా కింది మెట్టు). తొందరగా తాగడానికి చేసినవి, వగరు కాస్త మెత్తగా ఉంటుంది, జేబుకీ మంచిది.

డీఓసీజీ అని ఉంటే మూత మీదుగా గానీ మెడ దగ్గర గానీ సన్నటి ప్రభుత్వ స్టాంపు కాగితం, దాని మీద నంబర్ ఉంటాయి. అది చిరిగిపోయి అతికించినట్టుంటే, లేకపోతే, ఆ బాటిల్ వదిలేయండి.

3. సంవత్సరం చూడండి, కాస్త లెక్క వేయండి

లేబుల్ మీద ఉండేది ద్రాక్ష కోసిన సంవత్సరం, బాటిల్‌లో నింపినది కాదు. తౌరాసి మీద నిరుటి సంవత్సరమో ముందటేడో ఉంటే ఎక్కడో మోసం ఉంది, ఎందుకంటే మూడేళ్లు కాకుండా అది బయటికే రాకూడదు.

అయిదారేళ్ల లోపు తౌరాసిని బాగా గాలి తగలనిచ్చి తాగాలి. ఎనిమిదేళ్ల నుంచి పదిహేనేళ్ల మధ్య మంచి అదనులో ఉంటుంది, అదీ సరిగ్గా నిలవ ఉంచితే. మంచి తౌరాసి ఎంతకాలం నిలుస్తుందంటే, మాస్త్రోబెరార్దీనో అనే పాత కుటుంబ సంస్థ చేసిన 1968 తౌరాసి గురించి ఇటలీ వైన్ ప్రియులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు: "పాతబడితే మంచిది కదా" అని హైదరాబాద్ ఫ్లాట్‌లో, వంటగది అలమర పైన, మూడు ఎండాకాలాలు దాచడం. నలభై డిగ్రీల వేడిలో వైన్ పాతబడదు, ఉడికిపోతుంది. వైన్ ఫ్రిజ్ లేకపోతే కొన్న ఏడాదిలోపు తాగేయండి. పాత బాటిల్ కావాలంటే పాతదే కొనుక్కోండి.

షాపులో ఇంకో చెక్: ఎండ పడే అద్దాల షెల్ఫులోంచి తీసిన బాటిల్ వద్దు. మూత చుట్టూ వేలితో తడమండి. కార్క్ కొంచెం పైకి ఉబికినట్టు అనిపించినా, మూత కింద నుంచి వైన్ కారిన మరక జిగటగా తగిలినా, ఆ బాటిల్ ఎక్కడో లారీలోనో గోడౌన్‌లోనో వేడి తిన్నదే.

4. వెనక లేబుల్ మీద కథని జల్లెడ పట్టండి

ఇది తాగడానికి సంబంధించినది కాదు, కానీ దీని గురించీ చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. బాటిల్ వెనకాల ఎక్కువగా కనిపించే మాట: "మూడు వేల ఏళ్ల కిందట గ్రీకులు తెచ్చిన ద్రాక్ష, రోమన్ చక్రవర్తులు తాగిన ఫలెర్నియన్ ఇదే." వినడానికి బాగుంటుంది. ఎంత నమ్మాలో మీరే ఇలా పరీక్షించుకోండి.

మొదటిది, గ్రీకులు. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దంలో గ్రీకులు ఇప్పటి నేపుల్స్ పక్కన కూమే లాంటి చోట్ల వలస వచ్చి స్థిరపడ్డారు, ద్రాక్ష సాగు వాళ్లకి కొట్టిన పిండి. ఇక్కడిదాకా అనుమానం లేదు. "హెలెనికో", అంటే గ్రీకుది, అన్న మాటే అల్యానికో అయిందని పాత వాదన. దక్షిణ ఇటలీ స్పెయిన్ పాలనలో ఉన్నప్పుడు "మైదానం" అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందని ఇంకో వాదన. పేరు చూసి తీగ ఎక్కడిదో తేల్చలేం. డీఎన్ఏ పరీక్షల్లో గ్రీసులో ఈనాడు పండే రకాలతో దీనికి దగ్గరి చుట్టరికం కనబడలేదు. కాబట్టి "గ్రీకుల ద్రాక్ష" అన్నది రుజువైన సంగతి కాదు, ఇష్టంగా చెప్పుకునే కథ.

రెండోది, పాత కాగితాలు. ఈ పేరు మొదట రాతలో కనిపించేది 1520లో, పక్క ప్రాంతమైన పూల్యాలోని కొన్వెర్సానో కౌంట్ (జమీందారు) ఆస్తులకి సంబంధించిన పత్రాల్లో. అంటే అయిదొందల ఏళ్ల పాతదని ధీమాగా చెప్పొచ్చు. తీగ అంతకన్నా పాతదై ఉండొచ్చు, కానీ పేరుతో సహా ఆధారం అక్కడి నుంచే.

మూడోది, ఫలెర్నియన్. కంపానియా ఉత్తరాన మాస్సికో కొండవాలుల్లో పండిన ఈ వైన్ రోమన్లకి తలమానికం. క్రీ.పూ. 121 నాటి పంట గురించి తరాల తరబడి గొప్పగా చెప్పుకున్నారు. రోమన్ రచయిత ప్లినీ అందులో మూడు రకాలున్నాయని రాశాడు, మంట పెడితే అంటుకునే వైన్ ఇదొక్కటేనని కూడా రాశాడు. కానీ అల్యానికో అనే పేరు ఆ రాతల్లో ఎక్కడా లేదు. రంగు గురించే ఒక మాట మీద లేరు, ఒకరు తేనె రంగంటారు, ఒకరు నల్లనిదంటారు. ఇవాళ "ఫలెర్నో దెల్ మాస్సికో" అనే పేరుతో అల్యానికో, ప్యెదిరోస్సో ద్రాక్షలు కలిపి రెడ్ వైన్ చేస్తున్నారు. అది ఆ కొండదే. రోమన్లు తాగినది మాత్రం అదే అని చెప్పడానికి లేదు.

పోంపేయి శిథిలాల్లో మళ్లీ తీగలు నాటి వైన్ చేశారు కదా, అది అల్యానికోనా అని కూడా అడుగుతున్నారు. ఆ తోటల నుంచి వచ్చిన మొదటి వైన్ 2001 పంటది, దాన్ని చేసింది ముఖ్యంగా ప్యెదిరోస్సో, షాషినోజో ద్రాక్షలతో. అల్యానికో ఆ తోటలోకి తర్వాత వచ్చింది.

ఈ కథలన్నీ రాసి, పంట ఏ ఊళ్లో, ఎంత ఎత్తులో, పీపాలో ఎన్నాళ్లు అన్న ఒక్క ముక్కా రాయని వెనక లేబుల్ కనిపిస్తే నేను ఆ బాటిల్ మీద ఆశలు తగ్గించుకుంటాను. మంచి రైతు తన పొలం గురించి చెప్తాడు, చక్రవర్తుల గురించి కాదు.

5. తెరిచే ముందు రోజు నిలబెట్టండి

కొత్త బాటిల్‌కి ఇది అవసరం లేదు. ఎనిమిది పదేళ్లు దాటినదైతే ఒక రోజు ముందు నిలువుగా పెట్టి కదపకుండా వదిలేయండి, మడ్డి అడుక్కి దిగుతుంది. విమానంలో సూట్‌కేసులో వచ్చిన బాటిల్ అయితే వారం రోజులు ఊరుకోండి. దిగిన రాత్రే తెరిచి "ఏంటో చప్పగా ఉంది" అనడం అన్యాయం.

6. చల్లబరచండి, కానీ గడ్డకట్టేంత కాదు

రెడ్ వైన్ "రూమ్ టెంపరేచర్"లో తాగాలని ఎక్కడో చదివి, మే నెలలో 34 డిగ్రీల గదిలో పోసుకుంటే ఆల్కహాల్ ముక్కులోకి గుప్పుమని కొడుతుంది, ద్రాక్ష వాసన ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ మాట చెప్పినవాళ్ల గది చలిదేశపు రాతి ఇల్లు. మీకు కావాల్సింది 16 నుంచి 18 డిగ్రీలు.

మన గది వేడిలో ఉన్న బాటిల్‌ని ఫ్రిజ్‌లో గంట నుంచి గంటన్నర పెట్టండి. తొందరగా కావాలంటే ఐస్, నీళ్లు రెండూ కలిపిన బకెట్‌లో పది నిమిషాలు. ఉత్త ఐస్ ముక్కల్లో గుచ్చితే అంత త్వరగా చల్లబడదు, నీళ్లుండాలి.

చెక్ ఎలా: బాటిల్ పొట్ట మీద అరచేయి పెట్టండి. హాయిగా చల్లగా అనిపించాలి. చేయి తీసేయాలనిపిస్తే మరీ చల్లబడింది, బయట పెట్టి ఆగండి. మరీ చల్లగా తాగితే వగరు రెట్టింపు తెలుస్తుంది, "నోరు పట్టేసింది" అన్న ఫిర్యాదుల్లో సగం ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టినవాళ్లవే. డీప్ ఫ్రీజర్ జోలికి పోవద్దు. మర్చిపోతే బాటిల్ పగులుతుంది.

7. తెరవండి, కార్క్ చూడండి, జగ్గులోకి వంచండి

మూత రేకుని మెడ దగ్గర గీటు కింద కోసి తీసేయండి, అంచు గుడ్డతో తుడవండి. స్క్రూ నిట్టనిలువుగా మధ్యలో దిగాలి. పాత కార్క్ పిండిపిండి అయితే కంగారుపడకండి, టీ వడగట్టే జల్లెడ శుభ్రంగా కడిగి, సబ్బు వాసన లేకుండా ఆరబెట్టి, దానితో వడకట్టేయొచ్చు.

కార్క్ కింది వైపు చిన్న చిన్న మెరిసే పలుకులు అంటుకుని ఉంటాయి ఒక్కోసారి. "బాటిల్లో గాజు పెంకులున్నాయి" అని భయపడ్డవాళ్లున్నారు. అవి ఇందాక చెప్పిన టార్టారిక్ ఆమ్లం తాలూకు స్ఫటికాలు, ప్రమాదమేమీ లేదు. వేళ్ల మధ్య నలిపితే పంచదార పలుకులా చితికిపోతాయి. చితక్కపోతే మాత్రం తాగొద్దు, అది నిజంగానే గాజు కావచ్చు.

జగ్గులోకి వంచడం రెండు రకాలు.

కొత్త బాటిల్ (అయిదారేళ్ల లోపు): ధారగా, కాస్త ఎత్తు నుంచి, నురగ వచ్చినా ఫర్వాలేదన్నట్టు పోసేయండి. రెండు నుంచి నాలుగు గంటలు వదిలేయండి. ఏసీ గదిలో అయితే మంచిది, లేకపోతే జగ్గుని చల్లనీళ్ల గిన్నెలో కూర్చోబెట్టండి. ఊరికే కార్క్ తీసి బాటిల్‌ని అలాగే నిలబెట్టడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆ సన్న మెడలోంచి ఎంత గాలి తగులుతుంది చెప్పండి?

పాత బాటిల్ (పదేళ్లు దాటినవి): మెడ వెనకాల ఫోన్ టార్చి వెలిగించి పెట్టుకుని, ఆపకుండా నెమ్మదిగా వంచండి. మెడలోకి నల్లటి మడ్డి పొగలా రావడం కనిపించగానే ఆపేయండి. చివరి రెండు గుక్కలు పోతే పోయాయి. దీన్ని గంటల తరబడి వదలొద్దు, అరగంట చాలు. పాత వైన్ వాసన గాలికి త్వరగా చచ్చిపోతుంది.

ప్రతి అరగంటకీ ఒక చెంచాడు పోసుకుని రుచి చూస్తూ ఉండండి. ఇదే అసలు చెక్. మొదట్లో పుల్లగా, వగరుగా, మూసుకుపోయినట్టు ఉంటుంది. ఏదో ఒక దగ్గర నల్ల చెర్రీ, రేగుపళ్ల లాంటి ఎండుపండ్ల వాసన, వెనకాల పొగ, మిరియం, తోలు లాంటివి బయటపడతాయి. అక్కడ మొదలుపెట్టండి. గడియారం చూసి కాదు.

8. పోయండి, చూడండి, వాసన, ఆ తర్వాత నోరు

గ్లాసులో మూడో వంతు మించి పోయకండి. తెల్ల కాగితం మీదుగా వంచి అంచు చూడండి. కొత్తదైతే ముదురు ఎరుపు, వయసైనదైతే అంచున ఇటుక రంగు. ఈమధ్యి సంవత్సరం రాసున్న బాటిల్ అంచు గోధుమ రంగులో ఉంటే అనుమానించాలి.

తర్వాత ఒక గుక్క తీసుకుని నోరంతా తిప్పి మింగండి (లేదా ఉమ్మేయండి, పోటీ ఏం లేదు). రెండు సంగతులు విడివిడిగా గమనించండి. చిగుళ్లు, పై పెదవి లోపలి వైపు ఎండిపోయి గరుకుగా తగిలితే అది వగరు. దవడల పక్క నుంచి లాలాజలం ఊరితే అది పులుపు. అల్యానికోలో రెండూ గట్టిగా ఉంటాయి. రెండూ ఉండి, వాటితో పాటు పండు వాసన కూడా ఉంటే మీ బాటిల్ బంగారంలా ఉన్నట్టే. వగరు మాత్రమే ఉండి పండు జాడ లేకపోతే ఇంకో గంట ఆగండి. అప్పటికీ రాకపోతే కింద ఉన్న తప్పుల జాబితా చూడండి.

రెండో బాటిల్ ఎందుకన్నానంటే, ఒక్క వైన్‌నే తాగితే దాన్ని దేనితో పోల్చుకోవాలో తెలియదు. పక్కన ఒక మామూలు కియాంతి (ఇటలీదే ఇంకో రెడ్ వైన్) పెట్టుకోండి, అది ఎక్కడైనా దొరుకుతుంది. ఒక గుక్క అది, ఒక గుక్క ఇది. తేడా అప్పుడు నాలుకకే తెలుస్తుంది. కాస్త ఖర్చు పెట్టగలిగితే తౌరాసి, వుల్తురె పక్కపక్కన పెట్టండి. రెండు చోట్లా ద్రాక్ష ఒకటేనని డీఎన్ఏ చెప్పింది. నేల, ఎత్తు, చేసే చేయి మారితే ఏమవుతుందో ఆ రెండు గ్లాసుల్లో కనిపిస్తుంది. ఒక్కరే రెండు బాటిళ్లు పూర్తి చేయాలని కాదు సుమా, నలుగురైదుగురు కూర్చోండి.

9. పక్కన ఏం తినాలి

ఉప్పు, కొవ్వు, మాంసం. ఈ మూడూ వగరుని లొంగదీస్తాయి. అవెల్లీనో కొండల్లో గొర్రె మాంసం, గట్టి పెకొరీనో చీజ్, పుట్టగొడుగులు పెట్టుకుంటారు. బసిలికాతాలో సెనీజె ఊరి ఎండు మిరపకాయల్ని నూనెలో కరకరలాడేలా వేయిస్తారు, మన ఊరమిరపకాయల్లాగే, కారం మాత్రం ఉండదు, తియ్యగా ఉంటాయి.

మన వంటల్లో ఏది అని అడిగితే: కారం తగ్గించి, మిరియాలు దట్టించి చేసిన మటన్ వేపుడు మంచి జోడీ. కీమా, షామీ కబాబ్, ఎక్కువ మసాలా లేని మటన్ రోస్ట్ కూడా. హలీమ్ బాగుంటుంది, పైన నిమ్మరసం మాత్రం తక్కువ పిండుకోండి. మాంసం తిననివాళ్లు పుట్టగొడుగుల వేపుడు, నెయ్యిలో వేయించిన పనీర్ పెట్టుకోండి.

వద్దన్నవి: ఆవకాయ, గుంటూరు కారం దట్టించిన కోడి వేపుడు, చేపల పులుసు. కారానికి ఆల్కహాల్, వగరు తోడైతే నోరు భగ్గుమంటుంది. చేపతో కలిస్తే ఇనుము నాకినట్టు ఉంటుంది. స్వీట్లతో కలిపితే వైన్ వట్టి పుల్లనీళ్లవుతుంది. ఈ మూడింటినీ నా మాట మీద నమ్మేయండి, ప్రయోగాలొద్దు.

పాడైందా, కాదా: ఇలా తేల్చండి

తడిసిన అట్టపెట్టె, మూసిన గదిలో తడిబట్ట వాసన: కార్క్ దోషం. గాలి తగిలితే పోదు, ఇంకా పెరుగుతుంది. షాపువాళ్లు మార్చిస్తే మార్చుకోండి.

నెయిల్ పాలిష్ రిమూవర్ లేదా ఘాటు వెనిగర్ వాసన: పులిసిపోయింది. లీలగా ఉంటే తాగొచ్చు, ముక్కు చురుక్కుమంటే వద్దు.

ఉడికించిన పండు, జామ్ వాసన, కార్క్ పైకి ఉబకడం: వేడి తిన్నది. ప్రమాదం లేదు, కానీ అందులో అల్యానికో మిగల్లేదు.

గోధుమ రంగు, కోసి వదిలేసిన ఆపిల్ వాసన: గాలి చొరబడింది.

అగ్గిపుల్ల వెలిగించిన వాసన: భయం లేదు. జగ్గులో ఇరవై నిమిషాలు తిప్పితే చాలావరకు పోతుంది.

నోరు పిడచకట్టుకుపోవడం, అదొక్కటే: దోషం కాదు. 6, 7, 9 స్టెప్పులు మళ్లీ చేయండి.

వగరు తగ్గాలని కొందరు పంచదార కలుపుతున్నారు, కొందరు కోలా. డబ్బులు మీవి, నేనెవర్ని ఆపడానికి. కానీ దానికోసం తౌరాసి ఎందుకు, చవక రెడ్ వైన్ కొనుక్కోండి.

దొరక్కపోతే ఏం చేయాలి

హైదరాబాద్‌లో ఇటాలియన్ రెడ్ అంటే చాలా షాపుల్లో కియాంతి దగ్గరే ఆగిపోతుంది, దిగుమతి పన్నులు కలిపితే ధర చూసి గుండె ఆగుతుంది. విదేశం నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకుంటే కస్టమ్స్ పరిమితి మనిషికి రెండు లీటర్లు, అంటే మామూలు బాటిళ్లు రెండు. సూట్‌కేసులో బట్టల మధ్య, బాటిల్‌కి రెండు పొరల ప్లాస్టిక్ కవర్ చుట్టి పెట్టమనండి. క్యాబిన్ బ్యాగులో పెట్టి సెక్యూరిటీ దగ్గర వదిలేసి రావొద్దని కూడా చెప్పండి.

అమెరికాలో, ముఖ్యంగా టెక్సస్‌లో ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది. ఎండకి ఓర్చుకుని ఆలస్యంగా పండే ద్రాక్ష కాబట్టి అక్కడి హై ప్లెయిన్స్‌లో అల్యానికో నాటారు, టెక్సస్ అల్యానికో అనే బాటిళ్లు దొరుకుతాయి. అదే ప్రాంతంలో బ్రౌన్‌ఫీల్డ్ దగ్గర 1997 నుంచి రెడ్డి వైన్‌యార్డ్స్ అనే పెద్ద తోట కూడా ఉంది, అటువైపు వెళ్తే చూసి రండి. టెక్సస్ అల్యానికోలో పండు ఎక్కువ, ఇటలీదానంత మొండిగా ఉండదు. మొదటిసారికి అదే సులువు.

మిగిలితే

జగ్గులో మిగిలినది మళ్లీ బాటిల్లోకే పోసి, కార్క్ తిప్పి పెట్టి, ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టండి. కొత్త అల్యానికో రెండో రోజు మొదటి రోజుకన్నా బాగుండటం మామూలే, మూడో రోజు దాకా ధైర్యంగా తాగొచ్చు. పాత బాటిల్‌కి ఆ అవకాశం లేదు, తెరిచిన రోజే పూర్తి చేయాలి. మూడు రోజులు దాటితే మటన్ ఉడికేటప్పుడు ఒక గ్లాసు పోసేయండి, మూత తీసి ఆల్కహాల్ వాసన పోయేదాకా మరగనివ్వండి, అప్పుడు చింతపండు మానేయండి, పులుపు దానిదే సరిపోతుంది. అడుగున మిగిలిన మడ్డి మాత్రం కూరలో వేయొద్దు. చేదొస్తుంది.